మగ్గం గుంటలో కంప్యూటరు

పోయిన వారం మా అమ్మాయి నాకో కుర్చీ కొనుక్కొచ్చింది. పక్కన మీట నొక్కితే పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, వీపు వెనక్కి వాలుతుంది, చేతులు ఆనించుకునే కొమ్ములు కూడా అటూ ఇటూ తిరుగుతాయి. దాంతోపాటు వంపు తిరిగిన పెద్ద మానిటరు, తీగ లేని కీబోర్డు, మణికట్టు నొప్పి రాకుండా నిలువుగా పట్టుకునే మౌసు. నల్గొండలో మేముండే రెండు గదుల ఇంట్లో వీటన్నిటికీ జాగా చూసేసరికి నా కుట్టుమిషను వంటింట్లోకి పోయింది. చీరల డిజైన్లు గీయడం నా పని. కొత్త సామాను వస్తే నాకు సంబరమే, దాచడమెందుకు! కానీ మా అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, మోకాళ్లు చూసి, మోచేతులు చూసి, "అమ్మా, కాళ్లు నేలకు ఆనాలె. ఇంకొంచెం దించాల్నా?" అని మీట నొక్కుతుంటే నవ్వాపుకోలేకపోయాను. నేను అన్నిటికంటే సుఖంగా కూర్చుని పని చేసిన చోట నా కాళ్లు నేలలోపల ఉండేవి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేము మా అత్తగారింట్లో, నకిరేకల్‌కు దగ్గర్లోనే ఒక ఊళ్లో ఉండేవాళ్లం. ముందుగదిలో మామయ్యది గుంట మగ్గం. మనిషి గట్టున కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె తాడు లాగి లాగి మామయ్య కుడి భుజం పడిపోయింది. దవాఖానలో ఇక లాగొద్దన్నారు. ఆయనే మగ్గాన్ని చెక్కా చెక్కా విప్పి అటకమీద పెట్టించాడు. గుంటను అటక ఎక్కించలేం కదా, అది అక్కడే ఉండిపోయింది. పని లేకున్నా ఆయన పొద్దున్నే వచ్చి దాని గట్టుమీదే కూర్చునేవాడు. చాయ అక్కడే, పేపరు అక్కడే, వచ్చినవాళ్లతో ముచ్చట అక్కడే.

నేను అప్పటిదాకా గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేదాన్ని. చీరలు నేయించే సావుకార్లు కంప్యూటరులో గీసిమ్మనడం మొదలుపెట్టాక ఒక పాత కంప్యూటరు కొన్నాం. వెలుతురూ ప్లగ్గూ రెండూ ఉన్నది ముందుగదిలోనే. గుంట పక్క సందులో బల్ల వేసి, ప్లాస్టిక్ కుర్చీ వేశాం. ఇక చూడండి నా తిప్పలు! ఆ ఇంట్లో మామ ముందు కోడలు కుర్చీలో కూర్చోదు. కూర్చుంటే ఎవరూ తిట్టరు గానీ ఒళ్లే లేచి నిలబడుతుంది. ఆయన గుంట దగ్గరికొస్తే లేస్తాను, వాకిట్లోకి పోతే కూర్చుంటాను, కళ్లజోడు మర్చిపోయానని మళ్లీ వస్తే మళ్లీ లేస్తాను. పాపం ఆయనకూ ఇబ్బందే, వాకిట్లోంచే దగ్గుకుంటూ వచ్చేవాడు. ఒక్క నెమలి మెడ గీసేసరికి నా నడుము పట్టేసేది.

ఇదంతా చూసి మా ఆయన, "గుంట పూడ్పిచ్చి బండలు ఏపిద్దాం. బల్ల నడుమల ఏసుకో. బాపు వాకిట్ల కూసుంటడు," అన్నాడు. మామయ్య విన్నాడు. చేతిలో చాయ సగం తాగి కిందపెట్టి లేచిపోయాడు. అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"గుంట పూడిస్తె మీ మామ యాడ కూసుంటడు బిడ్డా?"

"మంచి కుర్చీ తెద్దాం అత్తమ్మా."

"కుర్చీల సుట్టపాయన లెక్క కూసుంటడు. ఇంటాయన లెక్క గాదు."

నిజమే కదా అనిపించింది. భుజం పోయింది, మగ్గం పోయింది. ఆ ఇంట్లో ఆయనదంటూ మిగిలింది ఆ గుంట ఒక్కటే. మర్నాడు పొద్దున ప్లాస్టిక్ కుర్చీని వాకిట్లో పడేసి, నేనే గట్టున కూర్చుని కాళ్లు లోపలికి వదిలాను. నేలమీద కూర్చున్న కోడలు లేవనక్కర్లేదు! మామయ్య మొదట బిత్తరపోయాడు. తర్వాత ఆయన హుషారు చూడాలి. అటకమీది మగ్గం చెక్కల్లోంచి ఒక పలక దింపించి గుంటకు అడ్డంగా వేశాడు. మానిటరు తెచ్చి దానిమీద వెల్లకిలా పడుకోబెట్టాడు.

"అయ్యో, గట్ల కాదు మామా, నిలవెట్టాలె."

"బట్ట ఏడన్న నిలవడ్తదా? ఒడిల ఉండాలె. మెడ వంచి సూడాలె."

"నా మెడ ఇరుగుతది!"

"నేను గిన్నేండ్లు వంచిన. నాది ఇరిగిందా?"

"భుజం పోయింది గద!" నోరు జారి అనేశాను. ఆయన పకపకా నవ్వాడు.

చివరికి మానిటరు వెనక ఇటుకలు పెట్టి సగం వాల్చాం. సీపీయూను గుంటలో నా కాళ్ల పక్కన పీటమీద పెట్టాం, చల్లగా ఉంటుందని. ఏం సుఖమో! నడుము నిటారుగా ఉండేది, మండుటెండల్లో కూడా అరికాళ్లకు మట్టి చల్లగా తగిలేది. ఎదురు గట్టున మామయ్య కాళ్లు వదిలి కూర్చుని పేపరు చదువుకునేవాడు.

ఆ సుఖం నాలుగు రోజులు కూడా నిలవలేదు. మగ్గం ఆడినన్నాళ్లూ ఎండాకాలం పొద్దున్నే గుంటలో నీళ్లు చిలకరించడం అత్తమ్మ పని. తేమ లేకపోతే పోగులు తెగుతాయి. గుంటలో మళ్లీ పని మొదలైందన్న సంతోషంలో ఆమె చెయ్యి పాత అలవాటును తలుచుకుంది. చెంబెడు నీళ్లు చల్లింది. అది తెలియక నేను స్విచ్చు వేశాను. టప్పుమని చప్పుడు, వెంటనే కాలిన వాసన. ఆ వారం ఇవ్వాల్సిన డిజైన్లన్నీ దాంట్లోనే ఉన్నాయి.

"పోగులు తెగొద్దని చల్లిన బిడ్డా," అని అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, కానీ ఆ మొహం చూశాక నిలవలేదు. నల్గొండలో బాగుచేసేతను మూత విప్పి, "ఇల్లు కురుస్తాందా అక్కా?" అనడిగాడు. "ఇల్లు గాదు, మా అత్తమ్మ కురిసింది," అన్నాను. అదృష్టం బాగుండి డిజైన్లకు ఏమీ కాలేదు, లోపలి కరెంటు డబ్బా ఒక్కటే కాలిపోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన, "ఇగ నా మాట ఇనుండ్రి, సిమెంటు తెస్త," అని కూర్చున్నాడు. మామయ్య తల వంచుకుని, "పూడ్వుండ్రి. నా వల్ల కోడలి పని ఖరాబ్ కావద్దు," అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "గది నా ఆఫీసు. ఎవలన్న ముట్టుకుంటే ఊకోను!" అని ఇల్లంతా వినపడేలా అరిచాను. అంత గట్టిగా ఆ ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదు. మా ఆయన సిమెంటు మాట మళ్లీ ఎత్తలేదు. సీపీయూ గట్టుమీదికెక్కింది. మామయ్య తన చోట తాను కూర్చుని, "జర చాయ పొయ్యరాదే," అని అత్తమ్మను కేకేశాడు.

మామయ్య ఉన్నన్నాళ్లూ ఆ గుంటకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆయన పోయాక, దినాలన్నీ అయ్యాక, అత్తమ్మే మా ఆయనతో, "ఇగ పూడ్వు కొడకా, కూసునేటాయన లేడు," అంది. ఈసారి నేను అడ్డుపడలేదు. మట్టి పోసే రోజు పొద్దున ఆమె చెంబు తెచ్చి, గుంట నాలుగు మూలలా నీళ్లు చిలకరించింది. లోపల తడవడానికి కంప్యూటరు లేదు, తెగడానికి పోగులు లేవు.

"ఇంకా దించాల్నా అమ్మా?" అని మా అమ్మాయి అడుగుతూనే ఉంది. చాలు బిడ్డా అన్నాను. ఎంత మంచి కుర్చీ అయినా నేల దాకే దిగుతుంది. నేను కాళ్లు వదిలి కూర్చున్న ఆ రోజులు నేలకు ఇంకా కింద, మట్టి కప్పుకుని ఉన్నాయి.