ఆదివారం ఆటకు ఒక హెడ్‌సెట్

ఆయన లిఫ్టు మెకానిక్. మేడ మీది మెషిన్ రూములో మోటారు తిరుగుతుంటే తలుపు బయటే నిలబడి, కళ్లు మూసుకుని, "బ్రేకు అరిగింది" అని చెప్పేసేవాడు. తోటివాళ్లు ఆయనకు డాక్టరు అని పేరు పెట్టి, ఆ పేరుతోనే ఆటపట్టించేవాళ్లు. డాక్టరుగారు ఇంట్లో మాత్రం ఎప్పుడూ వైద్యం చేయలేదు. ఊళ్లో ప్రతి లిఫ్టు మూలుగూ వినగలిగే మనిషి, భార్య నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి "ఆఁ?" అనేవాడు. సెలవురోజున కంప్యూటరు ముందు ఆటకు కూర్చుంటే ఆ ఒక్కసారి కూడా లేదు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఆవిడ కూతుర్ని తీసుకుని వేరే ఇంటికి వెళ్లిపోయింది. పెద్దగా గొడవలేమీ జరగలేదు. గొడవ పడాలన్నా అవతలి మనిషి వినాలి కదా.

ఇదంతా పాత సంగతి. ఇప్పుడాయనకు మిగిలింది ఒక గది, ఒక కంప్యూటరు, ఆదివారం సాయంత్రం కూతురితో గంటసేపు ఆడే ఆట. పాడుబడ్డ నగరంలో ఇద్దరు మనుషులు తిండీ మందులూ వెతుక్కుంటూ తిరుగుతారు, అదీ ఆట. పిల్ల బొమ్మకి ఎర్రకోటు, తండ్రి బొమ్మకి చిరిగిన టోపీ. పిల్ల వాళ్లింట్లో కూర్చుని ఆడుతుంది, ఈయన తన గదిలో, మాటలన్నీ మైకులో. మొదట్లో ఆ గంటసేపూ పిల్ల నోరు మూతపడేది కాదు. బళ్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఏ టీచరు ఎలా నడుస్తుందో పూసగుచ్చినట్టు చెప్పేది. ఆ గంట కోసం ఆయన మిగతా వారమంతా ఈడ్చుకొచ్చేవాడంటే అబద్ధం కాదు.

ఈమధ్య ఆ గొంతు సన్నబడింది. ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు "ఆఁ", "ఊఁ", "సరే నాన్నా". "ఏంటమ్మా? వినపడలేదు" అంటే, "ఏం లేదులే". రెండోసారి అడిగితే ఆ "ఏం లేదులే"లో విసుగు. విచిత్రమేమిటంటే, ఆట మాత్రం మునుపటికంటే శ్రద్ధగా ఆడుతోంది. ఇదివరకు తండ్రిని గాలికొదిలేసి ముందుకు దూసుకుపోయే ఎర్రకోటు ఇప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి చూస్తోంది. ఈయన పడిపోతే వచ్చి లేపుతోంది. దొరికిన మందుపెట్టె తను తీసుకోకుండా ఈయన కాళ్ల దగ్గర పెట్టి వెళ్తోంది. నాన్న మీద పిల్లకి ఇంత ప్రేమ ఉందా అని ఆయన లోలోపల పొంగిపోయాడు.

మరి మాటలెందుకు తగ్గాయి? తప్పు పిల్లది కాదు, తన చెవుల్లోని పాత ఇయర్‌ఫోన్లదని ఆయన తేల్చుకున్నాడు. అవి ఎప్పుడో ఫోనుతోపాటు ఊరికే వచ్చినవి. రెంటిలో ఒకటి ఏనాడో కాలం చేసింది. తను వినపడక అడిగిందే అడుగుతున్నాడు కాబట్టి దానికి విసుగొస్తోంది, ఇలాగే సాగితే ఏదో ఒక ఆదివారం రావడమే మానేస్తుంది. ఆ భయం పట్టుకున్నాక ఆయనకు నిద్ర సరిగా పట్టలేదు.

షాపులో కౌంటరు దగ్గరి అమ్మాయి ముందుగా రంగురంగుల దీపాలు వెలిగే హెడ్‌సెట్ తీసి పెట్టింది. "గేమింగ్‌కి ఇది బాగా పోతోందండీ. సరౌండ్ సౌండు. బాంబు పేలిందంటే గుండె దడదడలాడాల్సిందే."

"నాకు దడ వద్దమ్మా. మాట వినపడాలి."

"పాటలాండీ?"

"కాదమ్మా, మాట. మనిషి మాట."

ఆ అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి, ధర తక్కువవన్నీ బల్ల మీద పరిచింది. ఆయన ఒక్కొక్కటే కళ్లద్దాల మీదుగా పెట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూశాడు. ఒకటి కణతలు నొక్కేసింది. ఇంకొకటి వంగితే జారి మెడలో పడింది. తీగ లేనిది సుఖంగానే ఉంది గాని, ఇంత చవకలో తీగ లేనివాటిలో మాట కాస్త ఆలస్యంగా చేరుతుందని ఎవరో చెప్పగా విన్నాడు. పిల్ల మాటను రెప్పపాటు ఆలస్యంగా వినడం కూడా ఆయనకు ఇష్టం లేదు. చివరికి ఏ హంగూ లేని నల్లటిది, బరువు తక్కువది, తీగ గట్టిగా ఉన్నది ఎంచుకున్నాడు.

"దీనికి లైట్లు రావండీ" అని ఆ అమ్మాయి జాలిగా గుర్తుచేసింది.

"పెట్టుకున్నాక నా తలకాయ నాకెలాగూ కనపడదు కదమ్మా" అన్నాడాయన.

ఇంటికి తెచ్చి పెట్టుకుని ఉసూరుమన్నాడు. చవకవాటికి ఉండే జబ్బే దీనికీ ఉంది. కొనేవాణ్ని మురిపించడానికి బాస్ అనే బరువైన మోతను కూరి కూరి పెట్టారు. ఏ చప్పుడైనా నీళ్ల డ్రమ్ములో తల పెట్టి విన్నట్టుంది. అయితే జబ్బేమిటో తెలిశాక వదిలే రకం కాదు డాక్టరు.

పరీక్షకు ఆయనకు పాటలు అక్కర్లేదు. ఫోనులో ఒక లిఫ్టు చప్పుడు రికార్డు చేసి ఉంది. బ్రేకు టక్కుమని వదలడం, మోటారు అందుకోవడం, ఇనుపతాడు చక్రం మీద సన్నగా రాసుకుంటూ పోవడం, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మెషిన్ రూములో నిలబడి విన్నట్టే హెడ్‌సెట్‌లోనూ వినపడేదాకా ఊరుకోకూడదనుకున్నాడు. ముందు కంప్యూటర్లో సరౌండ్ ఆపేశాడు. అది లేని హాలును కల్పించి ఉన్న మాటను పలచన చేస్తోంది. తర్వాత ఈక్వలైజరు తెరిచి బాస్ తగ్గించాడు, మనిషి గొంతు పలికే నడిమి స్వరాల్ని కాస్త పెంచాడు. మరీ పెంచితే చెవిలో సూదులు గుచ్చుకున్నట్టయింది, మళ్లీ దించాడు. బ్రేకు టక్కుమంది. తాడు రాపిడి మాత్రం అందలేదు.

చెవుల చుట్టూ ఉండే మెత్తలు చూశాడు. పలచటి నకిలీ తోలు. కళ్లద్దాల కాడ దగ్గర సందు ఏర్పడి, వీధిలోని రొదంతా లోపలికి వచ్చిపడుతోంది. మందపాటి గుడ్డమెత్తలు విడిగా దొరికితే తెచ్చి తొడిగాడు. పనిలో పనిగా చెవుల మీద ఉండే గిన్నెలు విప్పి చూస్తే లోపల వట్టి ప్లాస్టిక్ డబ్బా, తడితే మోగుతోంది. స్పీకరు వెనక పలచగా దూది పరిచి బిగించాడు. మళ్లీ ఆ లిఫ్టు వేసుకున్నాడు. సన్నటి రాపిడి వచ్చి చెవిలో వాలింది. ఒంటరి గదిలో ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. పిల్లకి ముందుగా చెప్పకూడదు, ఇకనుంచి నాన్న "వినపడలేదు" అనడని అదే కనిపెట్టాలి అనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఆట మొదలైంది. "కన్నా, వచ్చావా?"

"ఆఁ నాన్నా."

ఆ ఒక్క పలుకుకే ఆయన ఒళ్లు పులకరించింది. పిల్లకి జలుబు చేసిందని కూడా తెలిసిపోతోంది. కాని గొంతు దూరంగానే ఉంది. స్పష్టంగా ఉంది, అయినా దూరంగా ఉంది. ఎర్రకోటు కదిలినప్పుడల్లా కీబోర్డు మైకుకి ఆనుకున్నంత దగ్గరగా టకటకలాడుతోంది. మాట మాత్రం గది అవతలి గోడ నుంచి వస్తోంది. చప్పుడు ఎక్కడ పుడుతోందో పట్టుకోవడమే పనిగా బతికిన మనిషికి ఇది ఎంతకీ అతకలేదు. ఇంతలో పిల్ల కిసుక్కున నవ్వింది. ఆటలో నవ్వాల్సిందేమీ జరగలేదు.

"ఎందుకమ్మా నవ్వుతున్నావ్?"

మైకు పక్కనే ఎవరో "ప్చ్" అన్నారు. కాపురం చేసినంతకాలం పక్కనే ఉండి, తాను ఏనాడూ లెక్కచేయని చప్పుడు అది.

"నాన్న అడుగుతున్నారు, పలుకు." ఆవిడ గుసగుస.

"అబ్బా, ఆడేది నువ్వేగా, నువ్వే పలుకు."

"నా గొంతు పోల్చుకుంటారే. రెండు ముక్కలు మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?"

"బోరమ్మా. ఈ ఆట ఇప్పుడెవరూ ఆడట్లేదు. ఎప్పుడో మానేస్తానన్నాను, నువ్వే మాననివ్వలేదు."

"మెల్లగా. నువ్వు కూడా మానేస్తే ఆ మనిషికి ఇంకేముందే?"

ఈయనకు ఏదీ సరిగా వినపడదన్న ధీమాతో మైకు ముందే మాట్లాడుకుంటున్నారు వాళ్లు. పాత ఇయర్‌ఫోన్లలో అయితే ఇదంతా వట్టి గరగర. ఇప్పుడు ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

టోపీ మనిషి వీధి మధ్యలో అలాగే నిలబడి, ఎటునుంచో దెబ్బ తగిలి కూలబడ్డాడు. ఎర్రకోటు పరుగున వచ్చి లేపింది, మందుపెట్టె కాళ్ల దగ్గర పెట్టింది. ఇన్నాళ్లూ పిల్ల ప్రేమ అనుకుని మురిసిపోయింది దీన్ని చూసే. ఆయనకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. విసిగి వెళ్లిపోయిన భార్య, జాలిపడి, తను అసహ్యించుకున్న ఆటనే నేర్చుకుని వారం వారం ఆడుతోంది. కన్నకూతురేమో ఎప్పుడు వదిలిపెడతారా అని గోడవారన కూర్చుని ఎదురుచూస్తోంది. రెంటిలో ఏది ఎక్కువ నొప్పిపెట్టిందని అడిగితే ఆయన చెప్పలేడు.

ఏమీ విననట్టు ఊరుకోవచ్చు. ఊరుకుంటే వచ్చే ఆదివారం కూడా ఈ గంట ఉంటుంది, "ఆఁ నాన్నా" ఉంటుంది. ఆ ఆశ ఆయన్ని చాలాసేపే పట్టి లాగింది.

"కన్నా, ఒక మాట" అన్నాడు చివరికి. "ఇకమీదట నాకు ఆదివారాలు డ్యూటీ వేశారమ్మా. ఆడటం కుదరదు."

"నిజంగానా!"

అది గోడ దగ్గర్నుంచి రాలేదు. గంతేసి మైకు దగ్గరికొచ్చి పడింది. అంత సంతోషం దాని గొంతులో విని ఎన్నాళ్లయిందో. మరుక్షణమే తమాయించుకుని, "అయ్యో... పర్లేదు నాన్నా. నేను ఫోన్ చేస్తాలే" అంది.

"సరేనమ్మా. ఇంక వెళ్లు."

పాదాలు పరుగెత్తాయి. తలుపు దడాలుమంది. పక్కగదిలోంచి "ఏయ్, నేనూ వస్తున్నా, ఆగండే!" అని స్నేహితురాళ్లతో పిల్ల కేక.

కీబోర్డు ఆగిపోయింది. ఎర్రకోటూ టోపీ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మైకు దగ్గర ఎవరో ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలారు.

"విన్నారా?" అంది ఆవిడ.

"విన్నాను."

"డ్యూటీ నిజమేనా?" అనడిగింది.

"కాదు. దానికి మాత్రం అదే చెప్పు."

ఆవిడ సరేనంది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్లి, ఆదివారాలు తనకు పని వేయమని సూపర్‌వైజరుని అడిగాడు. "ఆదివారమంటే అందరూ పారిపోతారు, నీకేం వచ్చిందయ్యా డాక్టరూ?" అని సూపర్‌వైజరు నవ్వాడు. పిల్లకి చెప్పిన మాట అబద్ధం కాకూడదనే అడుగుతున్నానని మాత్రం ఆయన అనలేదు, పని లేకపోతే తోచడం లేదన్నాడు.