గుర్రం చెవులు

నిన్న డోన్‌లో పెళ్ళి ఊరేగింపు అడ్డమొచ్చి మా ఆటో ఆగింది. బ్యాండుకు గుర్రం కాళ్ళెత్తి ఆడుతుంటే అందరూ ఫోన్లు తీశారు. నేను మాత్రం తల దించుకున్నాను.

మా ఈడువాళ్ళకు ఉలవలు ఉడికే వాసన గుర్తుందా? మా చిన్న తోటంతా అదే వాసన. నాన్న సరదాకి అక్కడ కాసిని గొర్రెలను, ఒక ముసలి ఆడగుర్రాన్ని పెంచేవాడు. పెళ్ళిళ్ళకు తిప్పేవాళ్ళు ఇక పనికిరాదని అమ్మేస్తే తెచ్చుకున్నాడు. ఉలవల గమేళాలో గొర్రెలు మూతి పెట్టినా అది ఏమీ అనేది కాదు. "ఇంగ దీన్ని ఎవురూ ఆడించరు పాపా" అనేవాడు నాన్న.

ఒక సాయంత్రం నన్ను దాని మీద కూర్చోబెట్టి, గొర్రెలను తోలుకుంటూ ఇంటికొస్తున్నాడు. ఎదురుగా మా వీధి రంగన్న శవం వస్తోంది. పాపం, పడుచు వయసులోనే పోయాడు. తప్పెట వినపడగానే గుర్రం, మీద నేనుండగానే, పాడె ముందే ఆడటం మొదలుపెట్టింది. గొర్రెలు బెదిరి పాడె మోసేవాళ్ళ కాళ్ళ మధ్య దూరాయి.

"ఏమప్పా, సావు ముందర గుర్రాన్ని ఆడిస్తాండావా?" అని ఒకాయన కట్టె ఎత్తాడు.

"తప్పయిపాయన్నా, తప్పయిపాయ" అంటూ నాన్న కళ్ళేనికి వేలాడాడు. అది ఆగలేదు. చివరికి తప్పెటలే ఆగాయి.

వెనక నడుస్తున్న రంగన్న భార్య ముందుకొచ్చి గుర్రం నుదుటి మీది తెల్లమచ్చను తడిమింది.

"కొట్టొద్దన్నా. మా పెండ్లిలో ఆయప్ప దీని మిందనే ఊరేగినాడు."

ఎత్తిన కట్టెను ఆయన దించాడు. తప్పెటలు మళ్ళీ మోగాయి. పాడె దాటిపోయేదాకా నాన్న తల వంచుకుని, రెండు చేతులతో గుర్రం చెవులు మూసి నిలబడ్డాడు.