కరుణమ్మ గారి చూపుడువేలు

తెనాలిలో మేముంటున్న వాటా కింద ఇస్త్రీ కొట్టు ఉంది. పొద్దున్నే తడి నూలుగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పడగానే లేచే ఆవిరి, కాస్త మాడు కలిసిన వాసనతో, కిటికీలోంచి నా కంప్యూటర్ బల్ల దాకా వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, రేపల్లెలో కరుణమ్మ గారి ముందు నిలబడినట్టే ఉంటుంది. ఇప్పుడు చెయ్యెత్తమంటారని నా భుజం దానంతటదే సర్దుకుంటుంది. నేను వీడియో గేముల్లో ఆడబొమ్మలు తయారుచేసి బతుకుతున్నాను. కుట్టుపని నేర్పిన మనిషికీ ఈ పనికీ సంబంధమేంటంటే, ఉంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

రేపల్లెలో మా వీధి చివర, చర్చికి ఎదురుగా ఆవిడ ఇల్లు. ముందు గదిలో నాలుగు కుట్టుమిషన్లు, వాటి ముందు ఎప్పుడూ నలుగురైదుగురు ఆడపిల్లలు. పదో తరగతి సెలవుల్లో నా అల్లరి పడలేక మా అమ్మ నన్నూ అక్కడ పడేసింది. నేను కుట్టిన మొదటి జాకెట్టు నాకే. సినిమావాళ్ళలా ఒంటికి అతుక్కుపోవాలని, ఆవిడ గీసిన గీతకి లోపలగా కుట్టేశాను. తొడుక్కుని మహా గొప్పగా వచ్చి నిలబడితే, కళ్ళజోడు సర్దుకుని ఆవిడ నాలుగే మాటలన్నారు: చెయ్యెత్తు, వంగు, గొంతుక్కూర్చో, లే. మొదటి మాటకే చంక దగ్గర కుట్టు పర్రుమని చిరిగింది. పిల్లలందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అద్దం ముందు నిలబడ్డానికి కాదమ్మాయ్ జాకెట్టు. బస్సులో కడ్డీ పట్టుకోవద్దూ? దండెం మీద బట్టలారెయ్యొద్దూ?" అన్నారు. చిరిగినచోట నలుచదరంగా చిన్న ముక్క అతికి ఇచ్చారు. దాంతో చెయ్యి ఎంత ఎత్తినా బట్ట పైకి లాగలేదు.

ఆవిడ ఎడమచేతి చూపుడువేలి గోరు రెండుగా చీలి ఉండేది. చిన్నతనంలో మిషన్ సూది గోట్లోంచి దిగిపోయిందట. ఆ వేలితోనే బట్టని సూది కిందికి నెట్టేవారు. మేమంతా ఆవిడ ముఖం కన్నా ఆ వేలినే ఎక్కువ చూసి పని నేర్చుకున్నాం. ఇంకో పద్ధతి ఉండేది ఆవిడకి. ఎవరికి కొలతలు తీసినా తలుపు వేసేవారు, ఆ అంకె పైకి చదివేవారు కాదు, చీటీ మీద రాసి బోర్లా పెట్టేవారు. లావుగా ఉన్నావనో బక్కచిక్కావనో ఆవిడ నోట ఎవరూ వినలేదు.

తర్వాత నేను బొమ్మలు గీయడం, వాటిని కంప్యూటర్‌లో నిలబెట్టి నడిపించడం నేర్చుకుని ఒక గేముల కంపెనీలో చేరాను. ఇంటి నుంచే పని. ఓసారి ఒక యోధురాలిని చెయ్యమన్నారు. సముద్రపు దొంగల నుంచి తన పల్లెని వల విసిరి కాపాడుకునే బెస్త స్త్రీ, వయసు నలభై అయిదు. వాళ్ళు పంపిన ఆ వివరాలు చదివి గంతేశానంటే నమ్మండి. మర్నాడే రేపల్లె వెళ్ళి, కరుణమ్మ గారినే చూసి ఆ బొమ్మ చేస్తానన్నాను.

"నా బొమ్మా? నీకేమన్నా మతి పోయిందా?" అన్నారు గానీ, ఆ శనివారమే గంజిపెట్టిన చీర కట్టుకుని తయారయ్యారు. ఆవిడ పుట్టిల్లు బాపట్ల. ఇద్దరం అక్కడి సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. కొంగు బిగించి, కాళ్ళు ఇసకలో ఊని, చిన్నప్పుడు చూసిన బెస్తవాళ్ళు వల లాగేటప్పుడు ఎలా నిలబడేవారో చూపించారు. నేను ఫోటోలు తీసుకున్నాను. నడుం ఎంతుందో అంతే పెట్టమన్నారు, దాచొద్దన్నారు. ఆ యోధురాలి కోసం ముతకగుడ్డతో నిజం జాకెట్టే ఒకటి కుట్టిచ్చారు, చంకల కింద ఆ ముక్కలు వేసి మరీ.

బొమ్మ చూసి మా టీమ్ లీడ్ చాలా మెచ్చుకున్నాడు. మంచి మనిషే, అదే నా బాధ. వారం తర్వాత, వయసు కాస్త తగ్గిద్దామండి అన్నాడు. ఆ పైవారం నడుము. ఆ పైవారం జాకెట్టు బరువుగా కనిపిస్తోందన్నాడు. అదే గేములో బొజ్జలున్న ముసలి మగ యోధులున్నారు, మెడ నుంచి మడమ దాకా ఇనుము తొడుక్కుని. ఆ సంగతి ఒక్కసారి అడిగాను. ఆడేవాళ్ళకి ఇదే కావాలండీ, మనమేం చేస్తాం అన్నాడు. రెండోసారి అడగలేదు. ఆ జాకెట్టుని వేరెవరూ కత్తిరించలేదు, నేనే కత్తిరించాను. చివరికి రెండు పేలికలు మిగిలాయి. ముఖం కూడా ఎవరిదో అయిపోయింది. చీలిన గోరున్న ఆ చూపుడువేలు మాత్రం మార్చలేదు. గోళ్ళు ఎవరు చూస్తారు? ఇదైనా ఆవిడది మిగలనీ అనుకున్నాను. అదే గౌరవమనుకున్నాను, తెలివితక్కువదాన్ని.

గేము బయటికొచ్చాక ఆవిడ ఫోన్ మీద ఫోన్. ఇక తప్పక వెళ్ళాను. "నా బొమ్మ వచ్చిందర్రా, రండి," అని మిషన్ల దగ్గరున్న పిల్లలందర్నీ పిలిచి చుట్టూ నిలబెట్టుకున్నారు. నేను ఫోన్ చేతికిచ్చాను. చాలాసేపు చూశారు.

"ఇందులో నేనెక్కడున్నానే?"

నేను తెర మీద చూపించాను. ఒక పిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. చెయ్యెత్తితే ఇది ఒంటి మీద నిలవదే అన్నారు ఆవిడ మెల్లగా, కుట్టేవాళ్ళ చూపుతో. అప్పుడన్నా ఊరుకోవలసింది. ఓదార్చాలన్న తొందరలో బొమ్మని పెద్దది చేసి, "చూడండి టీచర్‌గారూ, మీ వేలు. ఎవరికీ తెలీకుండా ఉంచాను," అన్నాను.

ఆవిడ ఆ వేలు చూశారు. తన వేలు చూసుకున్నారు. తర్వాత ఆ చేతిని కొంగు కిందికి లాక్కున్నారు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను చూస్తున్న ఆ చేతిని ఆవిడ దాచుకోవడం అదే మొదలు.

"నా దగ్గరికి కొలతలకొచ్చిన ఆడపిల్ల ఒక్కతీ సిగ్గుపడి వెళ్ళలేదమ్మా. దానికెందుకు పెట్టావు నా వేలు? తీసెయ్యి."

తీసేస్తానన్నాను. లీడ్‌ని అడిగితే, ఒక్క గోరు కోసం అందరి ఫోన్లలో గేము మార్పిస్తామా అని నవ్వాడు. మళ్ళీ అడిగాను. ఇంకో ఆడబొమ్మ పని అప్పగించారు, అదే నడుముతో. ఉద్యోగం వదిలేసి ఉండొచ్చు. వదల్లేదు. ఆవిడ ఫోన్ చేసి, తీశావా అని రెండుసార్లు అడిగారు. మూడోసారి, తీసేశానండి అన్నాను. "మంచిది తల్లీ," అన్నారు. ఆ గొంతులో ఎంత తేలికపడ్డారో నాకు వినపడింది. ఆ తర్వాత మూణ్ణెల్లకి పోయారు. చర్చిలో పెట్టెలో తెల్లగుడ్డ మీద రెండు చేతులూ జోడించి ఉంచారు. ఎడమచెయ్యి పైన ఉంది. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను.

ఈ రోజుకీ జాకెట్టు తొడుక్కోగానే నేను చెయ్యెత్తి, వంగి, గొంతుక్కూర్చుని లేస్తాను. నేను చేసే బొమ్మల్లో ఒక్కటీ ఆ నాలుగూ చెయ్యలేదు. ఆ గేము ఇంకా ఆడుతూనే ఉన్నారు. ఎవరైనా ఆ బెస్త యోధురాలిని ఎంచుకోగానే, ఆమె ముందుగా చేసే పని వల విసరడానికి ఎడమచెయ్యి పైకెత్తడం. అలా ఎత్తేలా చేసింది కూడా నేనే. చెయ్యి లేస్తుంది, చూపుడువేలు ముందుకొస్తుంది, గోరు రెండుగా చీలి ఉంటుంది.