కాంటా మీద ఇద్దరు ఆడవాళ్ళు

"ఇగ నేను దవాఖానకు పోను" అని నా భార్య అన్నప్పుడు నేను అన్నం కలుపుకొని ముద్ద నోటి దాకా తెచ్చుకున్నాను. అది చేతిలోనే ఉండిపోయింది. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. రేపు పాలు వద్దని పాలాయనకు చెప్పినంత మామూలుగా చెప్పి, గోడ వైపు తిరిగి పడుకుంది.

రొమ్ము క్యాన్సర్ అని తేలి, ఆపరేషన్ జరిగి, అప్పటికి కీమో సగంలో ఉంది. మధ్యలో ఆపితే ఇంతవరకు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనని డాక్టర్ ముందే హెచ్చరించాడు. భయమేస్తే నాకు కోపమొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. "ఏం మాట్లాడుతున్నవో సోయి ఉన్నదా నీకు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె ఇటు తిరగను కూడా లేదు.

వరంగల్ బజారులో మాది కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. ఇదివరకు ఆమె వంటింట్లో నవ్వితే కొట్టులో తూకం వేస్తున్న నాకే కాదు, ఎదురుగా ఉన్న బట్టల కొట్టాయనకు కూడా వినిపించేది. "మీ ఇంట్ల టీవీ దండుగ సేటూ" అనేవాడాయన. అలాంటి మనిషి జుట్టు రాలిపోయినప్పటి నుంచి దవాఖానకు తప్ప గుమ్మం దాటలేదు. ఉన్న కాస్త ధైర్యాన్ని పరామర్శకు వచ్చిన చుట్టాలు ఊడ్చుకుపోయారు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన ఒకావిడైతే మంచం పక్కనే కూర్చొని, ఈ రోగంతో తమ ఊళ్ళో పోయినవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకొని ఏడ్చింది. ఏడ్చి, చాయ్ తాగి, పోతూ పోతూ "ధైర్యంగ ఉండు బిడ్డా" అంది. ఆమె తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్టు ఆమె వెనకాలే విసరాలనిపించింది నాకు.

మా అమ్మ దారి వేరు. అరవదు, ఏడవదు. పసుపు గుడ్డలో ముడుపు కట్టి "తల్లీ సమ్మక్కా, నా కోడలు లేచి తిరిగితే నీకు నిలువెత్తు బంగారం ఇస్త" అని మొక్కుకుంది. సమ్మక్క జాతరలో బంగారమంటే బెల్లం. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి మేడారం తీసుకుపోయి తల్లులకు సమర్పించుకుంటారు. జాతర దగ్గరపడితే మా కొట్టు ముందు బెల్లం బస్తాల పక్కన పెద్ద కాంటా పెడతాం. జనం ఒక్కొక్కరే ఎక్కి నిలబడతారు, నేను అంకె చదివి గట్టిగా చెబుతాను, లోపలివాళ్ళు అంత బెల్లం కడతారు. ఏళ్ళుగా ఆ వ్యాపారం చేస్తున్నవాణ్ణే అయినా ఇంట్లో మొక్కు మాట వినగానే ఒళ్ళు మండింది.

"అది మందే వద్దంటాంది, నువ్వు బెల్లమంటున్నవ్. బెల్లంతోని తగ్గుతదా అమ్మా?"

"తగ్గుతదో లేదో తల్లికెరుక. నాకైతే రాత్రి కన్నంటుకుంటాంది కొడుకా."

నాకు అంటుకోవడం లేదు మరి.

ఆ జాతర రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, కొట్టు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. పరకాల నుంచి ఒకమ్మాయి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. తలకు స్కార్ఫు కట్టుకుంది, కనుబొమ్మలు లేవు. ఏ రోగమో నేను అడగనక్కరలేదు, అదే ముఖం మా ఇంట్లోనూ ఉంది. ఆమె కాంటా ఎక్కిందిగానీ నిలబడలేకపోయింది. తమ్ముడు పట్టుకుంటే తూకం తప్పు చూపిస్తుంది, వదిలితే ఆమె తూలుతోంది. వెనక ఉన్నవాళ్ళు "జల్ది కానియ్యుండ్రి" అని గొణుగుతున్నారు. "అంచనాగ కడ్తం తీ అమ్మా" అన్నాను. మొక్కు అంచనాతో తీరుతుందా? ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ఇంటి వైపు తెర తొలగించుకొని నా భార్య బయటికి వచ్చింది.

నెలల తరబడి గుమ్మం దాటని మనిషి, బోడి గుండుతో, తల మీద గుడ్డ కూడా లేకుండా, అంతమంది మధ్యలోంచి నడిచి వస్తోంది. గొణిగే నోళ్ళన్నీ మూతపడ్డాయి. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె నేరుగా కాంటా ఎక్కి, ఆ అమ్మాయి నడుం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

"ఇద్దరిని కలిపి తూచుండ్రి. తర్వాత నన్నొక్కదాన్ని తూచి, దాంట్లకెళ్ళి తీసెయ్యుండ్రి. గీ లెక్క గూడ రాదా మీకు?" అంది నాతో.

ఇద్దరినీ తూచాను. ఆ అమ్మాయిని దించి స్టూలు మీద కూర్చోబెట్టారు. కాంటా మీద నా భార్య ఒక్కతే మిగిలింది. అంకె చూశాను. పొద్దున లేచింది మొదలు ఊరి జనాన్నంతా తూచే నేను, ఒకే గదిలో పడుకునే ఆమె ఇంతగా కరిగిపోయిందని ఎరగను. అది ఎదిగీ ఎదగని ఆడపిల్ల బరువు. ఆమెకు కనబడకుండా అంకెకు చెయ్యి అడ్డం పెట్టాను. నా చెయ్యి పక్కకు తోసి, వంగి చూసుకుంది. తర్వాత ఇంట్లోకి వినబడేలా కేకేసింది.

"అత్తమ్మా! మొక్కు ఇప్పుడే చెల్లియ్యుండ్రి! నేను మళ్ళ బరువెక్కినంక అయితే మీ కొడుకుకు బెల్లం లాస్!"

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. అందరికంటే ముందు నవ్వింది పరకాల అమ్మాయే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ఆపుకోలేక. ఆమెను చూసి నా భార్యా నవ్వింది. ఆ నవ్వుకు బట్టల కొట్టాయన బయటికొచ్చి తొంగి చూశాడు. మా అమ్మ తలుపు పట్టుకొని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను మాత్రం బెల్లం ఎంత కట్టాలో చెప్పడం మరిచి అలాగే నిలబడ్డాను.

మర్నాడు ముఖానికి మాస్కు కట్టుకొని, కాంటా పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. ఆడవాళ్ళు తమ బరువు నలుగురిలో చదివించుకోవడానికి సిగ్గుపడతారని ఇన్నేళ్ళలో నా బుర్రకు తట్టలేదు. ఆమె కొంగు అడ్డం పెట్టి అంకె చూసి చెవిలో చెప్పేది. బొద్దుగా ఉన్నవాళ్ళతో "నీ భక్తి జర బరువుగనే ఉన్నదక్కా" అనేది. ముసలమ్మలను పట్టుకొని ఎక్కించి దించేది. అలసిపోతే లోపల కాసేపు పడుకొని మళ్ళీ వచ్చేది. జనంలో తిరగొద్దని డాక్టర్ అన్నాడు గదా అని నేనంటే, "గింతమంది నమ్మకం రోజూ తూస్తాన. జరంత నాకు గూడ అంటుకోదా?" అంది. ఒకరోజు తనంతట తానే అన్నం అడిగింది. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. మేం మాట్లాడితే ఎక్కడ తినడం ఆపేస్తుందోనని ఇద్దరం కిక్కురుమనలేదు.

అయితే దవాఖాన మాట మాత్రం ఎత్తేది కాదు. కీమోకు పోవలసిన రోజు ముంచుకొస్తోంది. పరకాల అమ్మాయితో ఫోన్లో గుసగుసలాడేది. నేను వెళితే గొంతు తగ్గించేది. ఏందని అడిగితే "ఆడోళ్ళ ముచ్చట్లు మీకెందుకు" అనేది.

ఆ రోజు పొద్దున, కాళ్ళు పట్టుకొనైనా సరే తీసుకుపోవాలని గట్టిగా అనుకొని గదిలోకి వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది. ఇంట్లో లేదు, కొట్టులో లేదు, మిద్దె మీదా లేదు. ఫోను ఎత్తడం లేదు. నా బుర్రలోకి రాకూడని ఆలోచనలే వచ్చాయి. నేను అరుస్తూ బజార్లోకి ఉరకబోతుంటే అమ్మ రెక్క పట్టుకొని ఆపింది.

"ఆగమాగం కాకు. ఆటోల దవాఖానకే పోయింది. ఆ పరకాల పిల్ల రెండు మూడు కీమోలకే జడుసుకొని ఇగ పోనన్నదట. బస్టాండ్ల ఆమెను ఎక్కించుకొని పోతనన్నది. నీకు చెప్తే వెంటబడి లొల్లి చేస్తవని చెప్పొద్దన్నది."

నవ్వితే రోగం పోతుందని నేను చెప్పను. కొట్టు నడిపేవాణ్ణి, తూచలేని సరుకు అమ్మను. రోగాన్ని కొట్టింది మందే. కానీ ఆ మందు దగ్గరికి ఆమెను నా అరుపులు తీసుకుపోలేదు, నా బతిమాలడమూ తీసుకుపోలేదు.

ఆ పొద్దున నేను దవాఖానకు పోయేసరికి వార్డులో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. పరకాల అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకొని "నాకు భయమైతాందక్కా, ఇంటికి పోదామక్కా" అంటోంది. సిస్టర్ సూది సిద్ధం చేసుకొని "ముందు ఎవరికమ్మా?" అని అడిగింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"ముందు నాకే వెయ్యమ్మా" అంది నా భార్య. "చెల్లె, కండ్లు తెరువు. నన్ను మంచిగ చూడు. చూసినంకనే నువ్వు ఏయించుకుందువు."

నవ్వుతూ చెయ్యి చాచింది. ఆ చెయ్యి వణుకుతోంది. తలుపు దగ్గరున్న నాకు కనబడేంతగా వణుకుతోంది. భయం పోయింది కాబట్టే లేచి తిరుగుతోందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఎక్కడికీ పోలేదు. ఆ అమ్మాయి కళ్ళు తెరిచేదాకా నా భార్య అలాగే చెయ్యి చాచి, నవ్వుతూ కూర్చుంది.