మళ్లీ పంపండి

ఈసారి కూడా తొందరయ్య అదే తప్పు చేశాడు. ఆ పేరు ఆమె పెట్టిందే. మనిషిని ఎన్నడూ చూసి ఎరగదు. ఎవరైనా వాడుకోగల, ఎవరైనా దిద్దగల ఒక గ్రాఫిక్స్ డ్రైవర్‌కి, అంటే బొమ్మలు గీసే చిప్‌ని నడిపే ప్రోగ్రామ్‌కి, అతను మార్పులు రాసి పంపుతాడు, ఆమె చదివి సరేననాలి. ఇది ఉద్యోగం కాదు. పగలంతా నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసి వచ్చి, వంటగది బల్ల మీద కూరగాయల తొక్కులు పక్కకి నెట్టి చేసే పని.

సంగతి చిన్నదే. తెర మీద బొమ్మ గీసే చిప్‌కి డ్రైవర్ కొంత మెమరీ చూపించి వాడుకోమంటుంది, పనయ్యాక వెనక్కి తీసుకుంటుంది. తొందరయ్య కోడ్ చిప్ ఇంకా గీస్తుండగానే లాగేసుకుంటోంది. ఆ చోటు మరో ప్రోగ్రామ్‌కి వెళ్లాక చిప్ అక్కడే గీస్తే ఎవరి పనో పాడవుతుంది. ఈ ముక్క అతనికి రాసీ రాసీ ఆమె విసిగిపోయింది. ఆ మహానుభావుడు మాత్రం కామాలు దిద్ది మళ్లీ అదే పంపుతాడు.

ఒళ్లు మండడానికి అక్క ఇంకో కారణం. అక్క యూనిఫాంలకి బ్యాడ్జీలు కుడుతుంది. అక్క డిజైన్లు గీసే పాత కంప్యూటర్‌లో ఉన్నది ఆ చిప్పే. తెర బిగుసుకుపోయి గీసిందంతా మాటిమాటికీ నీళ్లపాలవుతోంది. తొందరయ్య కోడ్ అక్కడ పెట్టి చూస్తే తెర బిగుసుకోలేదు.

"నా దగ్గర బాగానే నడుస్తోంది కదే. సరేనంటే నీకేం పోయింది?"

"నీ దగ్గర నడుస్తుందక్కా. ఇంకెవరిదో కొంప ముంచుతుంది."

అక్క ఫోన్ పెట్టేసింది. ఇలాంటి చెల్లెలు ఉండి ఏం లాభమని బావతో అన్నదట.

ఇక ఓపిక పట్టలేక ఆమె తనే రాసి పారేసింది. చిప్ పని పూర్తయిందని చెప్పేదాకా ఆగాలి, ఆ తర్వాతే మెమరీ వెనక్కి. నాలుగు వరుసల పని. సరిచేసిన డ్రైవర్ రేపోమాపో వచ్చేస్తుందని అక్కకి మాట కూడా ఇచ్చేసింది. తీరా పంపాక తల పట్టుకుంది. ఎవరు రాసింది వాళ్లే సరేననకూడదు. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది తనే. ఆ పాత చిప్ సంగతి తెలిసిన మనిషి ఇంకొకడే ఉన్నాడు.

తొందరయ్య ఏమాత్రం తొందరపడలేదు. వారం పోయాక జవాబిచ్చాడు.

"చిప్ మధ్యలో మొరాయిస్తే పూర్తయిందని ఎప్పటికీ చెప్పదు కదండీ. మీ కోడ్ ఎదురుచూస్తూనే ఉంటుంది, తెర బిగుసుకుపోతుంది. సరిచేసి మళ్లీ పంపండి."

ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని ఆమె కసిగా మళ్లీ మళ్లీ చదివింది. దొరకలేదు. కామాలు కూడా సరిగ్గానే ఉన్నాయి.

అంతలో అక్క ఫోన్. వచ్చేసిందా అని అడిగింది. ఇంకా రాలేదని ఈమె చెప్పింది.

"ఈసారి ఎవరు తప్పు రాశారే?"

"నేనే," అంది.