గ్యాస్ బుక్కు మీద సుజాత పేరు

పైపులైను కంపెనీకి ప్రభుత్వం రోడ్డు తవ్వకం ఫీజు మాఫీ చేయడంతో, ఇన్నేళ్లకు నరసరావుపేటలో మా వీధికి గ్యాస్ పైపు వచ్చింది. ఈ రోజు కంపెనీ మనిషి ఫారం తెచ్చాడు. ఈ నెలలో సిలిండర్ వాపసు చేస్తే కనెక్షన్ ఉచితమట.

"బుక్కు సుజాత గారి పేరున ఉంది సార్. మేడంని పిలవండి, సంతకం కావాలి."

"నా భార్య. పోయి ఏడాదైంది."

"అయ్యో! డెత్ సర్టిఫికెట్ ఇవ్వండి, పేరు తీసేయిస్తా."

పక్కింటి పిన్ని గోడ మీంచి కేకేసింది. "ఇచ్చెయ్ రా! ఊరికే వస్తంటే నీకేంది నొప్పి?"

సర్టిఫికెట్ బీరువాలోనే ఉంది. తీయలేదు. సిలిండర్ బుక్ చేసినప్పుడల్లా "ప్రియమైన సుజాత గారూ" అని నా ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆమెను బతికున్న మనిషిలా పలకరించేది ఇంకా అదొక్కటే.

ఫారం తిప్పి పంపాను. పిన్ని నన్ను మూర్ఖుడంది. మీరూ అదే అంటే కాదనను.