గీయని ఎర్రగీత

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. పంతొమ్మిదివందల డెబ్బైల చివరి మాట. ఆ ఎండలో ఉన్నికోటు వేసుకుని సైకిల్ తొక్కేవాడు. కొలతగీతలున్న గాజుగ్లాసులో టీ తాగేవాడు. గణితం మీద మామూలు జనం చదువుకునే పుస్తకాలు రాసేవాడు. పిచ్చివాడని చుట్టుపక్కలవాళ్లు నవ్వుతుంటే నాకు ఒళ్లు మండేది.

నేను ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ణి. నర్సు ఉద్యోగం మా ఆవిడది. ఆమె వెంట వచ్చి, సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసేవాణ్ణి. లెక్కలంటారా, పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవే. అది తెలిసి దొర తన రాతప్రతి తెచ్చి, ఒక ఎర్ర పెన్సిల్‌తో సహా నా చేతిలో పెట్టాడు.

"డిగ్రీలున్నవాళ్లు అర్థం కాకపోయినా తలూపుతారు. మీరు ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత గీయండి, చాలు" అన్నాడు.

మూడు పుస్తకాలకు నిజాయితీగా గీశాను. గీసిన ప్రతిచోటా తిరగరాశాడు. నాలుగోదాని చివర ఆయన సొంతంగా కనిపెట్టిన రుజువు ఒకటుంది. ఇరవై ఏళ్లు దాని వెంటే పడ్డాడట. అందులో ఒక వాక్యం పై వాక్యంలోంచి ఎలా వచ్చిందో వారం రోజులు కూర్చున్నా నాకు అంతుపట్టలేదు.

"మార్క్ చేసి ఇచ్చెయ్యండి. ఆయన అడిగిందే అది కదా" అంది మా ఆవిడ, డ్యూటీకి బయలుదేరుతూ.

"ఇంతదాకా వచ్చి ఇక్కడ బోల్తాపడ్డాననుకోడూ?"

"అనుకుంటే మీ ప్రమోషన్ ఆగుతుందా ఏంటి!"

గీయలేదు.

పుస్తకం వచ్చిన నెలకే ఎవరో ప్రొఫెసరు పత్రికలో ఎగతాళి చేస్తూ రాశాడు: సరిగ్గా ఆ వాక్యం దగ్గరే రుజువు కూలిపోయిందని. దొర పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కోటు వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

"మీకు అర్థమైంది కదా?"

అప్పుడైనా చెప్పాల్సింది. "అయింది" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "అయితే లోపం వాళ్ల బుర్రల్లోనే ఉంది."

ఆ తర్వాత ఆయన మరో పుస్తకం రాయలేదు. పోయేదాకా ఆ ఒక్క వాక్యాన్ని నిలబెట్టడానికే పత్రికలకు ఉత్తరాల మీద ఉత్తరాలు. ప్రతిదాంట్లోనూ, 'చదివిన ఒక సామాన్యుడికి ఇది తేలిగ్గా అర్థమైంది' అని ఉండేది. నాకూ ఒక కాపీ ఇచ్చేవాడు.

ఆ ప్రొఫెసరును నలుగురిలో ఎన్నేళ్లు తిట్టానో లెక్కలేదు.

కాపీలన్నీ నా దగ్గరే ఉన్నాయి. మొన్నొకసారి ఆ సామాన్యుడి మాట కింద గీత గీద్దామని పెన్సిల్ తీశాను. గీసి, ఎవరి చేతికివ్వను?